ప్రధాన హిట్టర్ గాయపడినప్పుడు జట్టు టైటిల్ అవకాశాలను అంచనా వేయడం ఎలా

2021 జూలై 10న మయామీలో జరిగిన మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లో అట్లాంటా బ్రేవ్స్ ఔట్‌ఫీల్డర్ రోనాల్డ్ అకూన్యా జూనియర్ గోడ దగ్గర బంతి కోసం ఎగిరి, నేలకు దిగుతూ కుడి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. మోకాలి ఎముకలను కలిపి పట్టే లిగమెంట్, అంటే ఏసీఎల్ తెగిందని పరీక్షల్లో తేలింది. 82 మ్యాచ్‌ల్లోనే 24 హోమ్‌రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టిన ఆటగాడికి ఆ సీజన్ అక్కడితో ముగిసింది. సీజన్ మధ్యలో వచ్చే ఆల్-స్టార్ విరామానికి 44 గెలుపులు, 45 ఓటములతో నిలిచిన జట్టుకు ఇక ఆశ లేదనే చాలామంది అనుకున్నారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే లీగ్ టైటిల్ గెలిచింది ఆ జట్టే. 2025లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు దీనికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం ఎదురైంది. ఆ జట్టు బ్యాటింగ్‌కు మూలస్తంభమైన యోర్డాన్ అల్వారెజ్ 48 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు. జట్టు 87 విజయాల దగ్గర ఆగిపోయింది. డెట్రాయిట్ టైగర్స్‌కూ అన్నే విజయాలు ఉన్నా, ముఖాముఖి పోరులో వారిదే పైచేయి కావడంతో 2016 తర్వాత మొదటిసారిగా ఆస్ట్రోస్ అక్టోబర్‌లో టైటిల్ కోసం జరిగే పోస్ట్‌సీజన్‌కు దూరమైంది.

వార్త ఒకే రకమైనదే అయినా ఫలితాలు ఇంత భిన్నంగా ఎందుకు వచ్చాయో తెలియాలంటే గాయపడిన ఆటగాడి గొప్పతనం ఒక్కటి తెలిస్తే చాలదు. అతను ఎన్ని మ్యాచ్‌లకు దూరమవుతాడు, అతని స్థానంలో ఎవరు వస్తారు, ఆ రోజుకు జట్టు పట్టికలో ఎక్కడుంది, అక్టోబర్‌లో ఎన్ని సిరీస్‌లు గెలవాల్సి వస్తుంది అన్న నాలుగు విషయాలను కలిపి చూడాలి. వీటిలో చివరి రెండింటినీ అభిమానులు తరచుగా వదిలేస్తారు. నా దృష్టిలో అసలు నష్టం దాగి ఉండేది అక్కడే.

ముందుగా ఒక్క మ్యాచ్ విలువను లెక్కగట్టాలి

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు ప్రధాన బ్యాటర్ లేకపోతే సగం మ్యాచ్ పోయినట్టే అనిపిస్తుంది. అక్కడ ఒక బ్యాటర్ కుదురుకుంటే రోజంతా క్రీజులో ఉండవచ్చు. బేస్‌బాల్‌లో ఎంతటి హిట్టర్ అయినా తొమ్మిది మందిలో ఒకడిగా తన వంతు వచ్చేవరకు ఆగాల్సిందే. ఒక మ్యాచ్‌లో అతనికి దక్కేది నాలుగైదు అవకాశాలు మాత్రమే. అందులోనూ అత్యుత్తమ హిట్టర్లు సైతం సగానికి పైగా సార్లు ఔట్ అవుతారు. కాబట్టి ఒక్క హిట్టర్ లేకపోవడం వల్ల ఒక్క మ్యాచ్‌లో కలిగే నష్టం మనం భయపడేంత పెద్దది కాదు.

ఆ నష్టాన్ని అంకెల్లోకి మార్చడానికి అందరూ వాడే కొలమానం ‘వార్’. మైనర్ లీగ్ నుంచి సులువుగా దొరికే సాధారణ ఆటగాడితో పోలిస్తే ఒకరు సీజన్ మొత్తంలో జట్టుకు ఎన్ని విజయాలు అదనంగా తెచ్చిపెడతారో అది చెబుతుంది. దాని వెనుక ఉన్న లెక్క ప్రకారం సుమారు 10 పరుగులు ఒక విజయానికి సమానం. ఇది ఊరికే పెట్టుకున్న అంకె కాదని బిల్ జేమ్స్ ప్రతిపాదించిన పైథాగరియన్ సూత్రంతో మనమే సరిచూసుకోవచ్చు: చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే గెలుపు నిష్పత్తి వస్తుంది. 800 పరుగులు చేసి 700 ఇచ్చిన జట్టుకు ఆ నిష్పత్తి 0.566, అంటే సీజన్‌లోని 162 మ్యాచ్‌ల్లో దాదాపు 92 విజయాలు. గాయం వల్ల ఆ జట్టు పరుగులు 780కి తగ్గితే విజయాలు దాదాపు 90కి దిగుతాయి. అంటే 20 పరుగులు పోతే రెండు విజయాలు పోయినట్టు.

ఇప్పుడు ఏడాదికి 6 విజయాల విలువ ఉన్న హిట్టర్‌ను తీసుకుందాం. ఏ సీజన్‌లోనైనా లీగ్‌లో ఆ స్థాయి ఆటగాళ్లు కొద్దిమందే ఉంటారు. 150 మ్యాచ్‌లకు పంచితే ఒక్కో మ్యాచ్‌కు 0.04 విజయం. అతని బదులు ఆడే వ్యక్తి ఏడాదికి 1.5 విజయాల స్థాయి వాడైతే అతనివల్ల మ్యాచ్‌కు 0.01 వస్తుంది. తేడా 0.03. అంటే 55 శాతం గెలుపు అవకాశం ఉన్న జట్టు 52 శాతానికి దిగుతుంది. 60 మ్యాచ్‌లు దూరమైతే పోయేవి 1.8 విజయాలు, అంటే దాదాపు రెండు. తర్వాత చెప్పబోయే విషయాలన్నింటికీ ఈ 0.03 ఆధారం కాబట్టి దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇదే పద్ధతిని ఆస్ట్రోస్‌కు వర్తింపజేసి చూడండి. అల్వారెజ్ విలువ ఏడాదికి 5 విజయాలు, అతని స్థానంలో ఆడినవారి విలువ 1 అనుకుంటే, అతను లేని 114 మ్యాచ్‌లకు పోయినవి సుమారు 3 విజయాలు. సీజన్ మొత్తంలో మూడంటే చిన్న సంఖ్యే. అయితే ఆ ఏడాది వారి డివిజన్ (లీగ్‌లోని ప్రాంతీయ విభాగం) గెలిచిన సియాటిల్ మారినర్స్ విజయాలు 90, ఆస్ట్రోస్‌వి 87. పోస్ట్‌సీజన్‌లో చోటుకైతే ఒక్క విజయం చాలు. ఆ జట్టులో ఇంకా గాయాలు ఉన్నాయి కనుక నేరమంతా ఒక్క గాయం మీద మోపడం న్యాయం కాదు. కానీ గీత అంచున నిలబడ్డ జట్టుకు మూడు విజయాలంటే ఎంతో ఈ లెక్క స్పష్టంగా చూపిస్తుంది.

గాయం పేరును జాగ్రత్తగా చదవాలి

జట్టు ఇచ్చే మొదటి ప్రకటనను తుది మాటగా తీసుకోకూడదు. హిట్టర్లను పెట్టే కనీస ఇంజర్డ్ లిస్ట్ 10 రోజులది, దాన్ని గరిష్ఠంగా మూడు రోజులు వెనక్కి లెక్కించవచ్చు. అందులో పెట్టారంటే పది రోజుల్లో వస్తాడని అర్థం కాదు, పది రోజుల్లోపు రాడని మాత్రమే అర్థం. 60 రోజుల జాబితాకు మార్చినప్పుడు 40 మంది జాబితాలో ఒక చోటు ఖాళీ అవుతుంది కాబట్టి, ఆ మార్పు జరిగిందంటే త్వరగా వస్తాడన్న ఆశ జట్టుకే లేదని గ్రహించాలి. అల్వారెజ్ విషయంలో మే మొదట్లో చెప్పినది చేతి కండరానికి సంబంధించిన ఇబ్బంది అని. నెలాఖరుకు ఎముకలో చిన్న పగులు ఉందని బయటపడింది. అతను మళ్లీ మైదానంలోకి వచ్చింది ఆగస్టు 26న. సెప్టెంబర్ మధ్యలో చీలమండ బెణికి మళ్లీ దూరమయ్యాడు.

గాయం ఏ భాగానికి అన్నది ఎన్ని రోజులు అన్నంత ముఖ్యమైనదే. హిట్టర్ బలమంతా కాళ్ల నుంచి నడుము మీదుగా మణికట్టుకు చేరుతుంది. పక్క కండరాలు పట్టేస్తే, అంటే అబ్లీక్ గాయమైతే, బ్యాట్ తిప్పడమే సాధ్యం కాదు, తొందరపడి వస్తే తిరగబెడుతుంది. తొడ వెనుక కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బతింటే బ్యాటింగ్ కంటే ముందు పరుగు, ఫీల్డింగ్ తగ్గుతాయి, అదీ తిరగబెట్టే రకమే. అరచేతిలో చిటికెన వేలు వైపు ఉండే హమేట్ ఎముక విరిగితే కొన్ని వారాల్లో ఆడవచ్చు గానీ, పట్టు బిగువు పూర్తిగా రావడానికి మరికొంత కాలం కావాలి. మైక్ ట్రౌట్‌కు 2023 జూలైలో విరిగింది ఆ ఎముకే. బొటనవేలి గాయం చిన్నదని కొట్టిపారేయకూడదు. 2023 జూన్ 3న డాడ్జర్ స్టేడియంలో ఆరన్ జడ్జ్ ఒక క్యాచ్ పట్టి బుల్‌పెన్ గేటును కాలితో గుద్దుకున్నాడు. కుడికాలి బొటనవేలి లిగమెంట్ చిరిగి జూలై 28 వరకు ఆడలేకపోయాడు. 106 మ్యాచ్‌ల్లోనే 37 హోమ్‌రన్లు కొట్టిన హిట్టర్ లేని ఆ దాదాపు ఎనిమిది వారాల్లో న్యూయార్క్ యాంకీస్ వెనకబడింది, చివరకు 82-80తో పోస్ట్‌సీజన్‌కు దూరమైంది.

తిరిగి వచ్చిన తేదీ నుంచి పాత ఆటగాడే వచ్చాడని లెక్కించడం ఇంకో పొరపాటు. అకూన్యా 2022 ఏప్రిల్ 28న తిరిగి వచ్చి 119 మ్యాచ్‌లు ఆడాడు, 15 హోమ్‌రన్లే కొట్టాడు. ఆ మరుసటి ఏడాది 41 హోమ్‌రన్లు, 73 స్టోలెన్ బేస్‌లతో (బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) ఏకగ్రీవంగా ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు అయ్యాడు. మోకాలు మానడానికి దాదాపు పది నెలలు పడితే, ఆ మోకాలి మీద నమ్మకం కుదరడానికి మరో సీజన్ పట్టింది. అందుకే మోకాలి శస్త్రచికిత్స తర్వాత వచ్చే మొదటి ఏడాది అంచనాలో పూర్తి విలువ వేయకూడదని నేను గట్టిగా చెబుతాను. మరోవైపు 2024 జూన్ 16న బంతి తగిలి ఎడమచేతి ఎముక విరిగిన మూకీ బెట్స్, ఆగస్టు 12న వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే హోమ్‌రన్ కొట్టాడు. ఎముక శుభ్రంగా అతుక్కుంటే నష్టం ఆ వారాలకే పరిమితం కావచ్చు. స్నాయువులు, లిగమెంట్ల విషయంలో ఆ ధీమా తక్కువ.

బదులు ఆటగాడు ఒక్కడు కాదు, ఒక వరుస

గాయం వార్త రాగానే ‘అతని బదులు ఎవరు’ అని అడుగుతాం. అడగాల్సింది ‘ఎవరెవరు ఎక్కడికి కదులుతారు’ అని. 2024లో షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్‌గా ఆడుతున్న బెట్స్ దూరమైనప్పుడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో ఆ స్థానానికి మిగెల్ రోహాస్ వచ్చాడు, బ్యాటింగ్ వరుసలో మొదటి స్థానానికి షొహెయ్ ఒహ్తానీ జరిగాడు. బెట్స్ తిరిగి వచ్చాక అతనే రైట్ ఫీల్డ్‌కు మారాడు, మొదటి స్థానం ఒహ్తానీకే ఉండిపోయింది. ఒక గాయం మూడు చోట్ల మార్పు తెచ్చిందన్నమాట.

టొరంటో బ్లూ జేస్ ఉదాహరణ దీనికంటే నేర్పేది ఎక్కువ. 2025 సెప్టెంబర్ 6న యాంకీ స్టేడియంలో హోమ్ ప్లేట్ దగ్గర క్యాచర్‌ను ఢీకొని బో బిషెట్ ఎడమ మోకాలు బెణికింది. .311 సగటుతో 94 పరుగులు రాబట్టిన షార్ట్‌స్టాప్ అతను. అతని స్థానానికి సెకండ్ బేస్ నుంచి అండ్రేస్ హిమెనెజ్ వచ్చాడు. హిమెనెజ్ ఉత్తమ ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌ను మూడుసార్లు అందుకున్న ఫీల్డర్. బ్యాటింగ్‌లో జట్టు చాలా కోల్పోయింది, షార్ట్‌స్టాప్ ఫీల్డింగ్‌లో మాత్రం కోల్పోలేదు, ఇంకా బలపడింది. ఇలా ఒకచోట పోయినది మరోచోట కొంత తిరిగి వచ్చే సందర్భాలు హిట్టింగ్‌కు పేరుపడి ఫీల్డింగ్‌లో అంతంతమాత్రంగా ఉండే స్టార్ల విషయంలో తరచుగా కనిపిస్తాయి. అందుకే 30 హోమ్‌రన్లు పోయాయి అని కాకుండా, వచ్చినవాడు ఎన్ని పరుగులు చేస్తాడు, ఎన్ని పరుగులు ఆపుతాడు అని రెండువైపులా చూడాలి.

స్టార్ లేకపోతే అతని ముందూ వెనకా ఆడేవారికి మంచి బంతులు పడవని, అందువల్ల వరుస మొత్తం కుదేలవుతుందని వ్యాఖ్యాతలు తరచుగా అంటారు. ఆ ప్రభావాన్ని గణాంకాల్లో వెతికినవారికి అది చాలా చిన్నదిగానే కనిపించింది. దాన్ని పక్కన పెట్టడమే మేలు.

పక్కన పెట్టకూడనిది రెండో గాయం. మొదటి గాయానికి బెంచీలోని మంచి ఆటగాడు దొరుకుతాడు. రెండోదానికి అతని తర్వాతివాడు, మూడోదానికి మైనర్ లీగ్ నుంచి పిలిచినవాడు. ఒక్కో అడుగుకూ నష్టం పెరుగుతుంది. 2024లో అట్లాంటా బ్రేవ్స్‌కు జరిగింది ఇదే. మే 26న పిట్స్‌బర్గ్‌లో అకూన్యా ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. సీజన్ ఆరంభంలోనే క్యాచర్ షాన్ మర్ఫీ, జూన్‌లో మైకేల్ హారిస్, జూలైలో ఓజీ ఆల్బీస్, ఆగస్టులో ఆస్టిన్ రైలీ గాయాలతో జాబితాలో చేరారు. 2023లో 947 పరుగులు చేసిన జట్టు 2024లో 704 పరుగులకు పడిపోయింది. అకూన్యా లేకపోవడం ఒక్కటే ఇందులో నలభై యాభై పరుగులకు మించి వివరించలేదు. మిగిలినదంతా గాయాలు ఒకదానిపై ఒకటి పేరుకోవడం వల్ల, ఆరోగ్యంగా ఉన్నవారూ కిందటి ఏడాదిలా ఆడకపోవడం వల్ల వచ్చింది. క్రిస్ సేల్ ఉత్తమ బౌలర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచేంత గొప్పగా బౌలింగ్ చేయడంతో 89 విజయాలు దక్కాయి. కానీ నియమిత సీజన్ ముగిశాక సెప్టెంబర్ 30న న్యూయార్క్ మెట్స్‌తో ఒకేరోజు రెండు మ్యాచ్‌లు ఆడి చోటు సంపాదించాల్సి వచ్చింది, ఆ వెంటనే శాన్ డియెగోలో పోస్ట్‌సీజన్ మొదటి దశ అయిన వైల్డ్ కార్డ్ సిరీస్‌ను 0-2తో పోగొట్టుకుంది.

క్యాలెండర్ ఏం చెబుతోంది

గాయం జరిగిన తేదీకి, జూలై చివరో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువుకు (జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి చివరి రోజు) మధ్య ఎన్ని రోజులున్నాయో చూడాలి. అకూన్యా గాయం 2021లో గడువుకు దాదాపు మూడు వారాల ముందు జరగడమే బ్రేవ్స్‌కు కలిసివచ్చింది. అప్పటికే మార్సెల్ ఒజూనా కూడా జట్టులో లేడు, అంటే ఔట్‌ఫీల్డ్‌లో రెండు చోట్లు ఖాళీ. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపౌలోస్ ఒక పెద్ద పేరు కోసం వెతకకుండా నలుగురిని తెచ్చాడు: జాక్ పీడర్సన్, ఆడమ్ డువాల్, హోర్హె సోలేర్, ఎడ్డీ రొసారియో. వీరిలో ఎవరూ అకూన్యాకు సాటి కారు. కానీ అప్పటివరకు ఆ చోట్లలో ఆడుతున్నవారికంటే నలుగురూ మెరుగైనవారే. వరల్డ్ సిరీస్‌కు ముందు దశ అయిన లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో ఎంవీపీ రొసారియో, వరల్డ్ సిరీస్‌లో ఎంవీపీ సోలేర్. స్టార్ పోయిన చోట స్టార్‌నే తేవాలన్న ఆలోచనకంటే, అత్యంత బలహీనంగా ఉన్న రెండు మూడు చోట్లను సరిచేయడం చవక, ఫలితమూ అంతే ఉంటుందన్నది ఆ వేసవి చూపించింది.

ఈ కథలో తరచుగా మరచిపోయే భాగం ఒకటుంది. ఆ ఏడాది బ్రేవ్స్ ఆడే డివిజన్ నేషనల్ లీగ్ ఈస్ట్ బలహీనంగా ఉంది. 88 విజయాలతో బ్రేవ్స్ డివిజన్ గెలిస్తే, రెండో స్థానంలోని ఫిలడెల్ఫియాకు వచ్చినవి 82. పోస్ట్‌సీజన్ చేరిన పది జట్లలో అందరికంటే తక్కువ విజయాలు బ్రేవ్స్‌వే. అదే జట్టు అదే ఏడాది 107 విజయాల శాన్ ఫ్రాన్సిస్కో, 106 విజయాల లాస్ ఏంజెలెస్ ఉన్న డివిజన్‌లో ఉండి ఉంటే అక్టోబర్ ఆట ఉండేదే కాదు. కాబట్టి గాయపడ్డ జట్టును చూసే ముందు దాని పక్కనున్న జట్లను చూడాలి.

ఆగస్టులో గాయం జరిగితే ట్రేడ్ దారి మూసుకుపోయి ఉంటుంది. ఆగస్టు 31లోపు సంస్థలో చేరినవారికే పోస్ట్‌సీజన్ అర్హత కనుక అప్పటికి ఇతర జట్లు వదిలేసిన ఆటగాళ్లలోనే వెతుక్కోవాలి. సెప్టెంబర్‌లో జరిగితే అదీ లేదు. జట్టు జాబితా 26 నుంచి 28కి పెరగడం మాత్రమే ఊరట. అందుకే ఏప్రిల్‌లో ఏసీఎల్ తెగడం కంటే సెప్టెంబర్‌లో మోకాలు బెణకడం టైటిల్ దృష్ట్యా ఎక్కువ ప్రమాదకరం కావచ్చు. 2016 ఏప్రిల్ 7న చికాగో కబ్స్ ఆటగాడు కైల్ ష్వార్బర్ ఎడమ మోకాలిలో రెండు లిగమెంట్లు తెగాయి. జట్టుకు సర్దుకోవడానికి ఆరు నెలల సమయం దొరికింది, 103 విజయాలు సాధించింది. అతను కోలుకుని వరల్డ్ సిరీస్‌లో డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా (డీహెచ్, ఫీల్డింగ్ చేయకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) దిగి 17 అవకాశాల్లో 7 హిట్లు కొట్టాడు. ఫీల్డింగ్‌కు డాక్టర్లు అనుమతించకపోవడంతో, అప్పటి నియమాల ప్రకారం డీహెచ్ లేని చికాగో మ్యాచ్‌ల్లో మాత్రం అతను ఆరంభ జట్టులో ఉండలేకపోయాడు.

అక్టోబర్ లెక్క

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ‘స్టార్ అక్టోబర్‌కు వచ్చేస్తాడు, ఇంకేం’ అని ఊపిరి పీల్చుకుంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో ఆ ధైర్యం చెల్లదు. అమెరికన్, నేషనల్ లీగ్‌లలో ఒక్కోదాని నుంచి ఆరు జట్లు పోస్ట్‌సీజన్‌కు వస్తాయి. వాటిలో మొదటి రెండు డివిజన్ విజేతలకు నేరుగా రెండో దశలో ప్రవేశం, అంటే బై దొరుకుతుంది. మిగిలిన నాలుగు జట్లు మూడు మ్యాచ్‌ల వైల్డ్ కార్డ్ సిరీస్ ఆడాలి. తర్వాత అందరికీ అయిదు మ్యాచ్‌ల సిరీస్, ఆపై రెండు ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లు.

మనం ముందు చూసిన 55 శాతం జట్టును ఇందులో పెట్టి చూద్దాం. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపు అవకాశం ఒకేలా ఉంటుందని సులువు కోసం అనుకుందాం. ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతం, అయిదు మ్యాచ్‌ల సిరీస్‌కు 59 శాతం. బై ఉంటే మూడు సిరీస్‌లూ గెలిచి టైటిల్ అందుకునే అవకాశం 22 శాతం. స్టార్ లేక 52 శాతానికి దిగిన జట్టుకు, బై ఉన్నప్పటికీ, అదే లెక్కలో 16 శాతం వస్తుంది. ఒక్క మ్యాచ్‌లో మూడు శాతమే అనుకున్నది మూడు సిరీస్‌లు దాటేసరికి టైటిల్ అవకాశంలో నాలుగో వంతుకు పైగా మింగేసింది.

ఇప్పుడు మూడో పరిస్థితి చూడండి. స్టార్ వేసవిలో 60 మ్యాచ్‌లు పోగొట్టుకుని అక్టోబర్‌కు పూర్తి ఆరోగ్యంతో వచ్చాడు, కానీ ఈలోగా పోయిన రెండు విజయాల వల్ల జట్టు బై కోల్పోయింది. మూడు మ్యాచ్‌ల సిరీస్ అదనంగా గెలవాలి, దానికి అవకాశం 57 శాతం. మొత్తం మీద టైటిల్ అవకాశం 13 శాతం లోపే. అంటే బై చేతిలో ఉండి స్టార్ లేని జట్టు పరిస్థితి, స్టార్ ఉండి బై లేని జట్టు పరిస్థితి కంటే మెరుగు. రెండూ లేకపోతే 8 శాతం. జూన్, జూలైల్లో గాయం గురించి చదువుతున్నప్పుడు ‘అక్టోబర్‌కు వస్తాడా’ అన్న ప్రశ్నతో పాటు ‘బై గీతకు జట్టు ఎంత దూరంలో ఉంది’ అన్నది అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. గీతకు పది విజయాలు పైన ఉన్న జట్టుకు ఆ రెండు విజయాలు లెక్కలోకే రావు. అంచున ఉన్న జట్టుకు అవే సర్వస్వం.

2025 అమెరికన్ లీగ్ ఈస్ట్‌ను దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. బ్లూ జేస్, యాంకీస్ చెరో 94 విజయాలతో సీజన్ ముగించాయి. ముఖాముఖి మ్యాచ్‌ల్లో ఎక్కువ గెలిచిన బ్లూ జేస్‌కు డివిజన్, దానితో బై దక్కాయి. ఆ ఏడాది జూలై చివర జడ్జ్ మోచేతి కండరం దెబ్బతిని సుమారు పది రోజులు యాంకీస్‌కు దూరమయ్యాడు. వచ్చాక కూడా కొంతకాలం ఫీల్డింగ్‌కు దిగలేక డీహెచ్‌గా ఆడాడు. మన లెక్కలో ఆ పది రోజుల విలువ అర విజయానికి మించదు. బిషెట్ లేని చివరి మూడు వారాలకూ అంతే. ఇలాంటి అర విజయాలు ఎటు మొగ్గినా బై చేతులు మారే ఏడాది అది. యాంకీస్ వైల్డ్ కార్డ్ సిరీస్‌లో బోస్టన్‌ను మూడు మ్యాచ్‌ల్లో గెలిచి, తర్వాత టొరంటో చేతిలో 1-3తో ఓడిపోయింది.

గాయంతోనే దిగినవారి విషయం

అక్టోబర్‌లో హిట్టర్లు నొప్పితోనే ఆడతారు. ఇక్కడ అంచనా వేయడం కష్టం, కానీ చూడాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 26న డాడ్జర్స్ హిట్టర్ ఫ్రెడ్డీ ఫ్రీమన్ కుడి చీలమండ బెణికింది. నేషనల్ లీగ్ సిరీస్‌లు రెండింటిలో అతను 32 అవకాశాల్లో 7 హిట్లు కొట్టాడు, అన్నీ ఒక్క బేస్‌కే చేర్చే సింగిల్సే. హిట్ల సంఖ్య కంటే అవి సింగిల్స్ కావడమే గాయాన్ని చెబుతోంది. కాలు ఆనించి బలం తీయలేని హిట్టర్ బంతిని తాకించగలడు గానీ దూరం పంపలేడు. అక్టోబర్ 20న ఆ దశ ముగిసి 25న వరల్డ్ సిరీస్ మొదలయ్యే లోపు దొరికిన విశ్రాంతి అతనికి ఎంతో ఉపయోగపడింది. మొదటి మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 2-3తో వెనకబడి, ఇద్దరు ఔటై ఉండగా యాంకీస్ కావాలని బెట్స్‌ను ఆడనివ్వకుండా మొదటి బేస్‌కు పంపి ఫ్రీమన్‌ను ఎంచుకుంది. నెస్టర్ కోర్టెస్ వేసిన మొదటి బంతినే అతను గ్రాండ్ స్లామ్‌గా, అంటే నాలుగు పరుగుల హోమ్‌రన్‌గా మలిచాడు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లోనూ హోమ్‌రన్ కొట్టి ఎంవీపీ అయ్యాడు. అదే సిరీస్ రెండో మ్యాచ్‌లో బేస్ దొంగిలించబోయి ఎడమ భుజం జారిన ఒహ్తానీ, మిగతా మ్యాచ్‌లన్నీ ఆడినా సిరీస్ మొత్తంలో 19 అవకాశాల్లో 2 హిట్లకే పరిమితమయ్యాడు. డాడ్జర్స్ అయిదు మ్యాచ్‌ల్లో గెలవడానికి కారణం వరుసలో ఇంకా ఆరుగురు ఏడుగురు కొట్టగలవారు ఉండడం.

ఇలాంటప్పుడు పేరును కాకుండా బంతి వెళ్తున్న దూరాన్ని, బేస్‌ల మధ్య పరుగును, ఫీల్డింగ్‌లో ఏ చోట నిలబెట్టారన్నదాన్ని చూడాలి. డీహెచ్‌కు మార్చారంటే కాలో, చెయ్యో ఇంకా సరిగా లేనట్టు. బిషెట్ వరల్డ్ సిరీస్‌కు తిరిగి వచ్చినప్పుడు షార్ట్‌స్టాప్‌లో కాకుండా, మేజర్ లీగ్‌లో అతను ఎన్నడూ ఆడని సెకండ్ బేస్‌లో నిలబెట్టారు. మోకాలు అటూ ఇటూ పరుగెత్తడానికి సిద్ధంగా లేదని అదే చెప్పింది. బ్యాట్ మాత్రం సిద్ధంగానే ఉంది. ఏడో మ్యాచ్‌లో ఒహ్తానీ బౌలింగ్‌లో మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. ఆ మ్యాచ్‌ను టొరంటో 11 ఇన్నింగ్స్‌లలో 4-5తో పోగొట్టుకుంది.

జాబితా నియమం ఒకటి కూడా తెలిసి ఉండాలి. పోస్ట్‌సీజన్‌లో ప్రతి సిరీస్‌కు ముందు 26 మంది పేర్లు కొత్తగా ఇవ్వాలి. సిరీస్ మధ్యలో గాయపడినవారిని లీగ్ అనుమతితో మార్చవచ్చు గానీ, అలా తీసేసిన ఆటగాడు ఆ సిరీస్‌లో మిగిలిన మ్యాచ్‌లకే కాక తర్వాతి దశకూ అనర్హుడు. అందువల్ల చివరి దశకు ముందు సగం నయమైన స్టార్‌ను తీసేయడానికి జట్లు వెనకాడతాయి. పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన ఆడగలడని అనుకోకూడదు. 2023 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో టెక్సాస్ రేంజర్స్ హిట్టర్ అడోలిస్ గార్సియాకు అబ్లీక్ కండరం పట్టేసినప్పుడు ఆ చిక్కు లేదు, ఎందుకంటే తర్వాతి దశ అన్నదే లేదు. అతన్ని జాబితా నుంచి తీసేశారు. అతని స్థానంలో దిగిన ట్రావిస్ జాన్‌కౌస్కీ నాలుగో మ్యాచ్‌లో రెండు హిట్లు కొట్టాడు, రేంజర్స్ అయిదో మ్యాచ్‌లో టైటిల్ గెలిచింది. ఆర్లింగ్టన్ మైదానానికి దగ్గరలో ఉన్న డాలస్ తెలుగువారిలో చాలామంది ఆ ఏడాదే ఈ ఆటను శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారని నా నమ్మకం. ఆ జట్టుకు బై కూడా లేదు. ఆస్ట్రోస్‌తో 90 విజయాల దగ్గర సమానంగా నిలిచి, డివిజన్‌ను ముఖాముఖి లెక్కలో పోగొట్టుకుని, వైల్డ్ కార్డ్ నుంచి వచ్చింది. 8 శాతం, 13 శాతం అంటే జరగదని కాదు; పన్నెండు, ఎనిమిది సీజన్‌లకు ఒకసారి జరుగుతుందని.

ఈ అంచనాను ఒక్కసారి వేసి వదిలేయకుండా నాలుగు సందర్భాల్లో తిరిగి వేయాలి: గాయానికి రెండో పరీక్ష ఫలితం వచ్చినప్పుడు, ట్రేడ్ గడువు ముగిసిన మర్నాడు, ఆటగాడు మైనర్ లీగ్‌లో పునరావాస మ్యాచ్‌లు మొదలుపెట్టినప్పుడు, ప్రతి సిరీస్ జాబితా వెలువడిన ఉదయం. పునరావాస మ్యాచ్‌లకు హిట్టర్లకు ఇచ్చే గడువు 20 రోజులు. ఆ గడువును మధ్యలో ఆపి ఆటగాడిని వెనక్కి పిలిపించారంటే, జట్టు ప్రకటనలో ఏం రాసినా, తిరిగి వచ్చే తేదీని మీ కాగితం మీద కనీసం రెండు వారాలు ఆలస్యం చేసి రాసుకోండి.